బోదగడ్డిల కందూరు

ఇట్ల దగ్గరికి జరుగుండ్రి. గోడకానుకోని కూసోండ్రి, చిన్న పిల్లలుంటే ఒళ్లెకు తీసుకోండ్రి. నేను సదివింది తక్కువ, రాసుడు అంతకన్న తక్కువ. గని కండ్లతోని చూసింది మర్వ. మాట నోటికి ఎట్లొస్తే అట్లనే రాస్తున్న, మీరు గూడ అట్లనే వినుండ్రి.

మాది పురానాపూల్ కాడ బర్ల ఇల్లు. ముంగట కొట్టం, ఎనుక మేము. పొద్దుగాల, పొద్దుమీకి పాలు పిండాలె కాబట్టి ఇంటిల్లిపాది కలిసి ఒక్క దిక్కు పోయిన దినం నేను చూడలే. ఎవలన్న ఒకలు బర్ల కాడ ఉండాల్సిందే. నేను చెప్పే దినం మా ఆయన ఉన్నడు. పోయింది మా అత్తమ్మ, నేను, నా మరిది, ఆయన భార్య, వాళ్ల సంకల పిలగాడు.

ఆ తోడికోడలి సంగతి ముందు చెప్పాలె. నా మరిది ఉప్పుగూడల ఇండ్లకు పాలు పోసెటోడు. ఆంధ్రా నుంచి బదిలీ మీదొచ్చిన ఒక గుమస్తా ఇంట్ల పాలు పోసుకుంట పోసుకుంట ఆ ఇంటి పిల్లనే ఇంటికి తెచ్చిండు. వాళ్ల అమ్మానాయన పెండ్లికి రాలే. పిల్ల మెత్తటిది. మా గల్లీల పొద్దున లేస్తే సగం ఉర్దూ, సగం తెలుగు, రెండు కలిపి పిసికిన ముద్ద. ఆమెకు అది మింగుడు పడలే. బండి మీద కూరగాయలు అమ్మేటామె ఏదన్న అడిగితే నా కొంగు పట్టుకోని, "అక్కా, ఆవిడ ఏమంటున్నారు?" అని మెల్లగ అడిగేది. అత్తమ్మ నవ్వేది. "గుంటూరు మిరపకాయ అని తెచ్చుకుంటిమి, దీనికి కారమే లేదేందే" అనేది.

పిలగాడు నెలలు నిండకుండ పుట్టిండు. దవాఖానల గాజుపెట్టెల పెట్టిండ్రు. పిట్ట పిల్ల లెక్క ఉండె, ఊపిరి తీసుడు మరుస్తుండె. అత్తమ్మ ఆ గాజు మీద చెయ్యి పెట్టి కందూరు మొక్కింది. నల్లమల అడవిల గుట్ట మీద ఒక దర్గా ఉంది, మా మామల కాలం నుంచి మా ఇంటి మొక్కులు అక్కడనే.

కందూరు ఎరుకలేనోళ్లకు చెప్తున్న. మొక్కు తీరితే యాటను, అదే పొట్టేలును, దర్గా కాడికి తోలుకపోయి, అక్కడ హలాల్ చేపించి, వండి, ఫాతెహా దువా ఇప్పించి, అందరు కూసోని తిని వచ్చుడు. మా అసొంటి తెలుగోళ్ల ఇండ్లల్ల గూడ మస్తుమంది చేస్తరు. మా ఇంట్ల దానికి ఒక కట్టుంది. యాట తెగిన కాడనే పొయ్యి పెట్టాలె, ఆ పొగ దర్గాల ఉన్న సాహెబుకు తాకాలె. వేరే కాడ వండి మోసుకపోతే అది కందూరు కాదు, సద్ది. ఇంగొకటి, పిలగాని పుట్టెంటికలు తీయక ముందే అది కావాలె. అందుకే ఎండలు మండుతున్నా ఆగలే, పోయినం.

మా గల్లీల ట్రాలీ నడిపే భాయ్ బండి మాట్లాడుకున్నం. మా పాల క్యాన్లు మోసేది గూడ ఆయననే. యాటను ఎనుక కట్టి, డేగ్చ, బియ్యం, మసాల ఎక్కించి, ఇంకా తెల్లారుతుండంగనే బయలెల్లినం. పెద్ద రోడ్డు దిగి అడవి దారి పట్టినంక చూసిన, ఆకు లేదు. చెట్లన్ని ఎముకల లెక్క నిలబడ్డయి. కింద టేకాకు మోకాలెత్తు. బండి చక్రం పోతుంటే గాజులు పగిలినట్టు చప్పుడు.

చెక్‌పోస్టు కాడ ఖాకీ అంగీ తొడిగిన అడవి వాచరు బండి ఆపిండు. మీసం నెరిసిన మనిషి.

"అగ్గిపెట్టెలు, బీడీలు, లైటర్లు ఏమున్నా ఈడ పెట్టుండ్రి. పోయేటప్పుడు ఇస్త."

"మరి పొయ్యెట్ల?" అన్నది అత్తమ్మ.

"వానలు పడేదాక లోపల పొయ్యి లేదమ్మా. ఆకు అప్పడం లెక్క ఎండింది. యాటను కోపిచ్చుకోని ఊర్లకు రండ్రి. మా వాకిట్ల పొయ్యి ఇస్త, నీళ్లిస్త. వండుకోని మల్ల గుట్టకు తీస్కపోండ్రి."

"తీస్కపోతే సద్ది అయితది కద బిడ్డా."

"సద్దే తినుండ్రి అమ్మా. అడవి కాలితే తినేటందుకు ఏముంటది?"

నా మరిది ముంగట సీట్ల నుంచే అన్నడు. "అన్నా, అడవేమన్న మీ అయ్యదా?"

"మా అయ్యదైతే నిన్ను గేటే దాటనియ్యకపోదును. సర్కారుది గన్క ఇంత మంచిగ మాట్లాడుతున్న."

భాయ్ నవ్విండు. తన బీడీల కట్టను ముద్దు పెట్టుకోని వాచరు చేతిల పెట్టిండు. "లే భాయ్, మేరీ జాన్ హై. ఖర్చు చేయకు" అన్నడు. వాచరు గూడ నవ్విండు. మరిది తన అగ్గిపెట్టె తీసి కిటికీలకెళ్లి ఇసిరిండు, అది మట్టిల పడ్డది. వాచరు వంగి తీసుకున్నడు.

దర్గాను చూసుకునే ముజావర్ తాత యాటకు నీళ్లు తాపి, మక్కా ఉన్న కిబ్లా దిక్కు తిప్పి, కత్తి పెట్టిండు. యాట బలమైంది. మెడ తెగినంక గూడ కాళ్లు కొట్టుకుంటనే ఉన్నయి, మరిది దాని మీద మోకాలు పెట్టి ఒత్తిపట్టిండు. నెత్తురు బండ మీద పడంగనే ఎండకు ఎండి నల్లగయింది. చర్మం తీసి, తునకలు కొట్టినంక తాత అన్నడు, "ఊర్లనే వండుకోండి బేటా. సాహెబు చూపు ఊరి దాక పోతది. నేను ఫాతెహా ఇస్త, నాకు ఫరక్ లేదు."

అత్తమ్మ మెత్తబడ్డది. "సరే తియ్యి, పోదాం. పెద్దమనిషే చెప్పినంక ఇంకేముంది" అని డేగ్చ ఎత్తింది గూడ.

మరిది ఆ డేగ్చను ఆమె చేతుల నుంచి గుంజుకున్నడు. "గల్లీల ఏమంటరే అమ్మా? కొడుకు పానం మొక్కు సద్ది గట్టి తీర్చిండు అంటరు. నాకొద్దు ఆ మాట." పిలగాని బట్టల మూటల చెయ్యి పెట్టి లైటరు తీసిండు. దాన్ని ఎప్పుడు దాసిండో అప్పటిదాక మాకెవ్వలకు తెల్వదు. భాయ్ ఒక్కటే మాట అన్నడు, "ఛోటే, మత్ కర్. వద్దురా." మరిది ఇనలే. భాయ్ మొఖం తిప్పుకోని, గడ్డ మీద ఆపిన తన బండి కాడికి ఎక్కిపోయిండు.

గుట్ట కింద ఒక బండరాయి ఉంది, దాని పక్కకు మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసిండు. బండ ముంగట నుంచి అటు దూరంగ వాగు దాక అంత బోదగడ్డే. నడుమెత్తు, తెల్లగ ఎండి, గాలికి ఒక్క తీరుగ వంగుతుండె. వాగు ఎండింది, ఉత్త ఇసుక. అయితే ఆ ఇసుకల చిన్న గుంట తవ్వి పెట్టిండ్రు, అందుల నీళ్లు ఊరుతయి. మా దిక్కు దాన్ని చెలిమ అంటరు. తోవల పోయేటోళ్లు ఆ నీళ్లే తాగుతరు.

పొగ లేసింది. పిలగాడు దగ్గుడు మొదలువెట్టిండు. అత్తమ్మ కోడలిని చూసి, "వాగు కాడికి పోవే తల్లీ, పోరనికి గాలి తాకనియ్యి. వచ్చేటప్పుడు చెలిమల నుంచి ఇన్ని నీళ్లు ముంచుకరా" అన్నది. ఆమె పిలగాన్ని సంకల ఎత్తుకోని, చెంబు పట్టుకోని, గడ్డి నడుమ నుంచి పోయే సన్నటి కాలిదారిల పోయింది.

కూర కుతకుత ఉడుకుతున్నప్పుడు వాచరు వచ్చిండు. ఉరికొచ్చిండు, రొమ్ము ఎగిరెగిరి పడుతున్నది. పొగ ఆయనకు చెక్‌పోస్టు కాడికే కనబడ్డదంట. మా నీళ్ల బిందె ఎత్తి పొయ్యిల కుమ్మరిచ్చిండు. బూడిద లేసి మా మొఖాల మీద పడ్డది. సగం పొయ్యి ఆరింది, సగం బుసకొట్టింది.

"మొక్కుల పొయ్యి మీద నీళ్లు పోస్తవారా" అని మరిది ఆయన గల్లా పట్టిండు.

"ఇడువు. ఇడిచి ఆ కట్టెలు ఇవతలికి గుంజు, గాలి ఎటు కొడుతున్నదో చూడు" అన్నడు వాచరు.

మరిది కొట్టిండు. చెంపదెబ్బ కాదు, పిడికిలితోని మూతి మీద. వాచరు ఉమ్మిండు, నెత్తురుతోని పన్ను పడ్డది. ఇగ ఆయన గూడ ఊకోలే. చేతుల కర్ర మరిది నెత్తి మీద దింపిండు, కనుబొమ్మ చీరుకపోయింది, ఆ కన్ను నిండ నెత్తురే. ఇద్దరు పశువుల లెక్క పట్టుకున్నరు. నేను మరిది అంగీ పట్టి గుంజిన, అంగీ చినిగి నా చేతిల మిగిలింది. అత్తమ్మ నడుమలకు పోతే మోచెయ్యి తగిలి ఎల్లెలకల పడ్డది. ముజావర్ తాత గుట్ట మెట్ల మీద నుంచి, "దర్గా ముంగట కొట్టుకుంటరా, సిగ్గు లేదా" అంటున్నడు. కొట్టుకునేటోళ్లకు చెవులుంటయా.

ఇద్దరు కలిసి పొయ్యి మీద పడ్డరు. డేగ్చ బోర్ల పడ్డది. సలసల కాగే కూర వాచరు మోకాలి కిందికి మొత్తం ఒలికింది. ఆయన అరిచిన అరుపు మనిషిది లెక్క లేదు. పొయ్యిల కట్టెలు చెదిరినయి. కొవ్వు తాకిన కట్టె ఒకటి భగ్గుమని, దొర్లుకుంట పోయి గడ్డిల పడ్డది.

మంట అంటుకునుడు నేను చూసిన. పొయ్యిల మంట నాకు ఎరుకే, పొద్దుమాపు దాంతోనే బతుకు. ఇది అది కాదు. గడ్డిల పడంగనే ముందు చప్పుడు లేదు. తర్వాత ఎవలో పెద్ద గుడ్డ చింపినట్టు సర్రున పోయింది. ఒక్క మనిషంత ఎత్తుది, ఎంటనే చెట్టంత అయింది. నీళ్లు లేవు, ఉన్న బిందె పొయ్యిలనే పోయింది. మరిది తన చినిగిన అంగీతోని కొట్టిండు, అంగీ గూడ మండింది. గాలి వాగు దిక్కే కొడుతున్నది. ఆ దిక్కే మా పిల్ల, మా పిలగాడు.

గడ్డి మీదికెళ్లి చూస్తే కనబడ్డది. చెంబు పట్టుకోని మా దిక్కే వస్తున్నది. పొగ చూసి ఆమె నడక తగ్గింది. ఇంగ ఎనుకకు మర్లి ఉరికితే బతికిపోతుండె. వాగు ఇసుకల కాలేటందుకు ఏముంది. అంత దగ్గర్ల ఉండె వాగు.

గడ్డ మీద నుంచి భాయ్‌కి మంట ఎంత జోరుగ పోతున్నదో మాకంటే మంచిగ కనబడ్డది. ఆయన రెండు చేతులు ఎత్తి ఊపుకుంట, గొంతు చించుకోని అరిచిండు.

"ఆగ్. ఆగ్. ఆగ్."

పిల్ల ఆగింది.

ఉన్న కాడనే నిలబడ్డది. చెంబు కింద పెట్టి, పిలగాన్ని ఇంగింత గట్టిగ పట్టుకోని, ఖాళీ చెయ్యి ఎత్తి చూపెట్టింది, ఆగిన అన్నట్టు. పాపం భాయ్‌కి ఏమెరుక. ఆమె కదులుతలేదని ఇంకా జోరుగ అరిచిండు, "ఆగ్, ఆగ్" అని. ఆయన ఎంత అరిస్తే ఆమె అంత కదలకుండ నిలబడ్డది. మా గల్లీల పుట్టినోళ్లకు ఆ మాట చెవుల పడితే ఉర్దూల నిప్పని, తెలుగుల నిలబడమని రెండర్థాలు ఒకటేసారి తోస్తయి, మొఖం చూసి ఏదన్నది తెలుసుకుంటం. ఆమెకు ఒక్కటే అర్థం ఉంది. వాళ్ల అమ్మ నేర్పిన అర్థం.

నాకు అది ఒక్క గడియల సమజైంది. "ఉరుకు, ఎనుకకు ఉరుకు" అని అరిచిన. మంట చప్పుడుల నా గొంతు నాకే ఇనబడలే. మరిది నేరుగ మంటలకు దుంకబోతే వాచరు కింద పడ్డ కాడి నుంచే మరిది కాలు పట్టి పడగొట్టిండు. పడగొట్టి, "బండ్ల బాట, బండ్ల బాట" అని నాకు చెయ్యి చూపెట్టిండు. గడ్డికి పక్కపొంటి ఎడ్లబండ్ల బాట వాగు దాక ఉంది, దాంట్ల గడ్డి లేదు. నేను ఉరికిన. చీర మోకాళ్ల పైకి గుంజుకోని ఉరికిన. నా పక్కపొంటి మంట గూడ ఉరుకుతున్నది, దాని వేడికి ఈ దిక్కు చెంప పొక్కింది. గడ్డిల నుంచి కుందేళ్లు, పాములు బాట మీదికి పడుతున్నయి. ఒక కుందేలు ఒంటికి మంట అంటుకోని ఉరికింది. అది పోయిన కాడల్ల కొత్త మంట పుట్టింది.

వాగు దిక్కు నుంచి గడ్డిలకు దూరి ఆమె కాడికి చేరిన. కండ్లు పెద్దగ చేసుకోని నిలబడి ఉంది. చెప్పేటందుకు టైం లేదు. జడ పట్టి గుంజిన. పడ్డది. పిలగాడు నా చేతుల పడ్డడు. వాన్ని ఒక సంకల ఇరికిచ్చుకోని, ఆమెను జడతోనే ఈడ్సుకపోయిన, బర్రె దూడను ఈడ్సినట్టు. లేచింది, నాతోని ఉరికింది. వాగు ఒడ్డు ఇంకా రాకముందే మంట మా మీదికొచ్చింది. ఆమె నన్ను, పిలగాన్ని ముంగటికి తోసింది, తోసి మా మీదికి వంగింది. ఆమె ఒంటి మీద ఉన్నది సిల్కు చీర, పండుగకు కొన్న నైలాన్ సిల్కు. అది కాలలే, కరిగింది. వీపుకు అతుక్కుంది.

ముగ్గురం ఇసుకల పడ్డం. ఆమె అరుపు ఆగుతలేదు. నా ఎనుకనే వాచరు వచ్చిండు, బొబ్బలెక్కిన కాలుతోని. రెండు చేతులతోని చెలిమ కాడి తడి ఇసుక ఎత్తి ఆమె వీపు మీద పోసిండు, పోస్తనే ఉన్నడు. ఆయన కాలు చర్మం మడత పడి పాదం మీద ఏలాడుతున్నది. మరిది మోకాళ్ల మీద వచ్చి కూలబడ్డడు. మంట వాగు కాడ నిలబడి, తినేటందుకేం దొరకక, పక్కకు మర్లి గుట్ట మీదికి ఎక్కింది. పొద్దుమీకే దాక గుట్ట కాలింది. ఊరోళ్లు పచ్చి కొమ్మలతోని కొట్టి కొట్టి ఆర్పిండ్రని తర్వాత ఇన్నం.

భాయ్ బండిని ఆ కాలిన గడ్డి మీద నుంచే తెచ్చిండు. ఆమెను బోర్ల పడుకోబెట్టినం, యాట కట్టిన కాడ. వాచరును గూడ ఎక్కిచ్చుకున్నం. తోవల ఆమె నా చెయ్యి పట్టుకోని అన్నది, "ఆగమన్నారు కదక్కా. అందుకే ఆగాను."

ముంగట భాయ్ ఆ మాట ఇన్నడు. బండి ఒక్కసారి వంకర పోయి మల్ల సక్కగయింది.

పట్నంల పెద్ద దవాఖానల ఇద్దరిని కాలినోళ్ల వార్డులల్ల పెట్టిండ్రు. పిలగానికి ఏం కాలే, కనురెప్పల ఎంటికలు మాడినయి అంతే. ఆమె ఉంటదో పోతదో డాక్టర్లు చెప్పలే. చీర గుడ్డను ఒక్కొక్క ముక్క వీపు నుంచి తీస్తుంటే ఆమె అరుపులకు వరండల మేము గోడకు తల కొట్టుకున్నం. వాళ్ల నాయనకు మల్ల గుంటూరుకే బదిలీ అయింది, అక్కడి నుంచి వాళ్ల అమ్మ వచ్చింది. మా దిక్కు చూడలే. మరిదిని అడవోళ్లు కేసు పెట్టి పట్టుకపోయిండ్రు, కొన్ని దినాలకు జమానతు మీద ఇడిచిండ్రు. ఆయన వార్డుకు రాంగనే అత్తమ్మ వరండలనే చెప్పు తీసింది. నెత్తి మీద, మొఖం మీద, కుట్లేసిన కనుబొమ్మ మీద, చెయ్యి పడిపోయేదాక కొట్టింది. "ఇప్పుడు ఏమంటున్నరురా గల్లీల? చెప్పురా, ఏమంటున్నరు?" అన్నది. ఆయన చెయ్యి అడ్డం పెట్టలే. నర్సు వచ్చి చెప్పు గుంజుకుంది.

భాయ్ దినాం వచ్చెటోడు. పాలు దించి, అటే దవాఖానకు వచ్చి, వార్డు తలుపు బయట నేల మీద కూసునెటోడు. లోపలికి రమ్మన్నా వచ్చెటోడు కాదు. "మై బోలా కే ఆగ్, ఉనే రుక్ గయీ. నేను నిప్పు అన్న, ఆమె నిలబడ్డది. నా నోటితోనే సంపిన" అని నాతోని అన్నడు. నేను ఎంత చెప్పినా తల అడ్డమే ఊపెటోడు.

వీపు మీద కొత్త తోలు పట్టుడు మొదలైంది, గండం దాటిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ దినం పిల్ల మంచం మీద బోర్ల పడుకోనే నన్ను పిలిచింది. "అక్కా, ఆ అన్నయ్యని లోపలికి తీసుకురండి. రాకపోతే నేనే లేచొస్తానని చెప్పండి."

భాయ్ వచ్చి మంచం కాడ నిలబడ్డడు. టోపీ తీసి చేతుల నలుపుతున్నడు. ఆమె మొఖం దిండు మీద పక్కకు తిప్పి, ఒక్క కన్నుతోని ఆయనను చూసింది. గొంతు ఇంకా బొంగురుగనే ఉంది.

"అన్నయ్యా, ఈసారి నిప్పు అంటుకుంటే తెలుగులో అరవండి."

భాయ్ నవ్వబోయిండు, ఏడ్సిండు. వాళ్లమ్మ అప్పటిదాక మాతోని మాట్లాడనిది, లేచి భాయ్‌కి స్టూలు జరిపింది. భాయ్ కూసోని, ముక్కు తుడుసుకోని, "నిప్పు, నిప్పు" అని రెండుసార్లు నోట్లనే అనుకున్నడు, పోరలు పాఠం సదివినట్టు. తర్వాత ఆమెను అడిగిండు, "ఔర్ భాగో కో క్యా బోలూఁ? పరిగెత్తు అనాల్నా, ఉరుకు అనాల్నా?"

"రెండూ అనండి" అన్నది పిల్ల.

ఆమె బతికింది. వీపు మీద తోలు ఇప్పటికి గుంజుతది, చలికాలం వస్తే నేనే నూనె రాస్త. నా తోడికోడలు గన్క ఆ వీపు నాకే చూపెడతది, ఇంకెవ్వలకు చూపెట్టది.

ఇన్నరు కద, ఇగ లేవుండ్రి. మీ పొయ్యిల నిప్పు మీ పొయ్యిలనే ఉండాలె, మీ డేగ్చల కూర మీ పిల్లల కంచంలకే రావాలె. మీ ఇంట్ల ఎవలు కేకేసినా ఇన్నోళ్లకు సక్కగ సమజు కావాలె. మీ ఆడపిల్లల ఒంటి మీద ఒక్క నిప్పు రవ్వ పడకుండ, మీ ఇల్లు సల్లగుండాలె.